అన్నం ముట్టని పిల్లకు మండలం

ఇప్పుడు మేముంటున్న కలంకి పేట అద్దె ఇంట్లో నేలంతా తెల్లటి పలకలు. పేడతో అలకడానికి వీల్లేదు, అలికినా పట్టదు. మా కొత్త సంవత్సరం పండగ స్వంతికి తడిగుడ్డతో తుడిచి, ఆ పలకల మీదే మ్హ పూజకు మండలాలు వేస్తాను. నూనె పోసి వేలితో గుండ్రంగా తిప్పబోతే గీత నిలవదు, జారి పక్కకు పోతుంది. మట్టి నేలైతే నూనెను తాగి గీతను పట్టుకునేది. ఏటా ఆ పూట వంగి కూర్చున్నప్పుడల్లా కీర్తిపుర్‌లో మా అత్తవారి పాత ఇల్లు గుర్తొస్తుంది. దూలాలకు తల కొట్టుకోకుండా ఎవరూ తిరగలేని ఇల్లు. పసుపుమట్టి, పేడ కలిపి అలికిన నేల వాసన మెట్ల దాకా వచ్చేది. భూకంపంలో వెనక గోడ విడిపోయింది, తర్వాత ఇల్లంతా దించేశారు. ఇప్పుడు ఎవరి పొయ్యి వాళ్లది.

అందరం ఒకే వరసలో కూర్చున్న ఆఖరి మ్హ పూజ ఆ భూకంపానికి ముందు సంవత్సరానిది. మా అమ్మాయి పలిష్ఠ అప్పటికి చంకలో పిల్ల.

మా నేవార్ జనానికి కొత్త సంవత్సరం మొదటి సాయంత్రం చేసే పూజ దేవుడికి కాదు. ఎవరి ఒంటికి వాళ్లకు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మండలాలు, వరస చివర యముడికొకటి, యముడి బంటుకొకటి. ఇంటి పెద్దావిడ ఒక్కొక్కరికే బొట్టు పెట్టి, నూలు దండ వేసి, నూనెలో నానిన పొడుగు వత్తి వెలిగించి మండలం మీద పెడుతుంది. పూజ అయ్యేదాకా ఎవరూ వరసలోంచి లేవకూడదు. వత్తి చివరిదాకా వెలగాలి. మధ్యలో ఆరిపోతే ఎవరూ పైకి ఏమీ అనరు. కానీ ఆ ఏడాదంతా ఆ మనిషికి చిన్న దగ్గొచ్చినా ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మా పుట్టిల్లు ఖోకనా. నాన్న ఆవనూనె గానుగలో పనిచేసేవాడు. ఊరంతా ఆ నూనె వాసనే. చొక్కాలోనూ అదే, అన్నంలోనూ అదే, మా ఇళ్లలో పైసలు కూడా జిడ్డుగా ఉండేవి. ఎనిమిదో తరగతి మధ్యలో అమ్మ మంచాన పడితే బడి మానేసి పొయ్యి దగ్గరకొచ్చాను. ఆ ఏటి నుంచి మండలాలు వేసే పని నాదే. అమ్మ మంచం మీంచే చెప్పేది, "ముందు నీళ్లతో, దాని మీద నూనెతో, తర్వాత పిండి. తొందరపడకే, నీ వెనక ఎవరూ తరమట్లేదు." ఆ వెలుగు, ఆ వరస, అమ్మను ఎత్తుకొచ్చి గోడకానించి కూర్చోబెడితే నవ్విన నవ్వు, అవన్నీ ఇప్పటికీ ఆ నూనె వాసనలోనే ఉన్నాయి నాకు. మా ఇంట్లో పుట్టిన బిడ్డకు పుట్టిన ఏడే మండలం వేసేవాళ్లం. మా వదిన కడుపుతో ఉన్నప్పుడు లోపలున్న బిడ్డకు కూడా అరచేయంత మండలం వేశాను. యముడి మనుషులు వచ్చి చూసుకుంటారనీ, వత్తి వెలుగుతున్న చోట చెయ్యి పెట్టరనీ అమ్మ మాట.

ఆ మాట పట్టుకునే ఆ ఏడు కాచుకుని కూర్చున్నాను. వానాకాలంలో పలిష్ఠకు నిమోనియా వచ్చింది. ఆసుపత్రిలో దాని ముక్కుకు గొట్టం, కాలికి సూది. ఇంటికి తెచ్చాక కూడా అది నిద్రపోతే చాలు, నేను దాని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా గాలి తగిలితే వేలు తీసి, మళ్లీ పెట్టేదాన్ని. ఐదో నెలలో చేయాల్సిన అన్నప్రాసన వాయిదా పడింది. చలి తగ్గాక చేద్దామన్నారు. స్వంతి వస్తే దానికో మండలం పడుతుంది, దాని పేర ఒక వత్తి వెలుగుతుంది, ఇక ఏడాదంతా నాకు నిద్ర పడుతుందని అనుకున్నాను.

ఆ ఏడు అత్తయ్యకు మోకాళ్లు పట్టేశాయి. "వంగి కూర్చుంటే మళ్లీ లేపడానికి తాళ్లు కావాలి. నువ్వు వెయ్యమ్మా, మీ ఖోకనా చెయ్యేదో చూద్దాం," అంది. పలిష్ఠను నిని వీపున కట్టుకుని పై అంతస్తులో వంటింట్లోకి తీసుకెళ్లిపోయింది.

నిని అంటే మా మామయ్య చెల్లెలు, చిరీమాయ. మా ఆయన మేనత్త కాబట్టి నేనూ నినీ అనే పిలిచేదాన్ని. పాంగా అనే ఊళ్లో ఇచ్చారు. మొగుడు రెండో ఆవిణ్ణి తెచ్చుకుంటే ఒక గిన్నెల మూట పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది, మా పెళ్లికి చాలా ముందు. ఇంట్లో ఏ పనైనా ఆమే. కానీ మ్హ పూజ సాయంత్రం మాత్రం కిందికి దిగేది కాదు. పెళ్లయిన ఆడపిల్ల మండలం అత్తింట్లో పడాలి, పుట్టింట్లో కాదు. ఆమెకు అక్కడా లేదు, ఇక్కడా లేదు. మేం కింద వరసలో కూర్చుంటే ఆమె పైన మినప వడలు కాలుస్తూ ఉండేది. చప్పుడు వినబడేది.

నేను మామయ్యకు, మా ఆయన సుదన్‌కు, మరిది వికేశ్‌కు, అత్తయ్యకు, నాకు వేశాను. నా పక్కనే అరచేయంత మండలం పలిష్ఠకు. దాని పక్కన యముడివి రెండూ. చిన్న మండలం మీద బొగడబంతి పువ్వు పెట్టి చూసుకుంటే చాలా ముద్దొచ్చింది.

అత్తయ్య పళ్ల బుట్ట పట్టుకుని దిగింది. అక్రోట్లు, మాదీఫలాలు, నారింజలు. మొదటి నుంచి చూసుకుంటూ వచ్చింది.

"చక్కగా వేశావే. మా వీధిలో ఎవరికీ ఇంత గుండ్రంగా రాదు." చివరికి వచ్చి ఆగిపోయింది. "ఇదెవరికి?"

"పలిష్ఠకత్తయ్యా."

బుట్ట కింద పెట్టేసింది. "పిల్ల ఇంకా అన్నం ముట్టలేదు కదే!"

"మా ఇంట్లో పుట్టగానే వేస్తాం."

"మీ ఇంట్లో. ఇక్కడ అన్నప్రాసన కాని పిల్లకు మండలం లేదు. అప్పటిదాకా అది నీ ఒంట్లోదే, నీ మండలంలోనే కూర్చుంటుంది. ఎందుకనుకున్నావు? వాళ్లకి తెలియకుండా ఉండాలని. ఇక్కడో కొత్త మనిషి ఉంది చూడండి నాయనా అని మండలం వేసి, దీపం పెట్టి మరీ చూపిస్తామా?" కళ్లు యముడి మండలం వైపు తిప్పింది. "అదీ ఆయన పక్కన!"

దీపం ఉన్న చోట చెయ్యి పెట్టరని అమ్మ. దీపం పెడితే కనబడుతుందని అత్తయ్య. నాకు ఏ ఇంటి మాట నమ్మాలో తెలియలేదు. వానాకాలంలో ఆ రాత్రుళ్లలో ఎవరైనా వచ్చి పిల్లను చూసి వెళ్లారేమో, మళ్లీ వెతుక్కుంటున్నారేమో.

"చెరిపేస్తానత్తయ్యా, గుడ్డ తెస్తాను."

"ముట్టుకోకు!" అని గట్టిగా అరిచింది. "వేసిన మండలం పూజ కాకుండా చెరుపుతారా? చెరిపే కంటే ఉంచడమే నయం, కానీ ఖాళీగా వదలకూడదు."

ఆ అరుపుకు మామయ్య, సుదన్, వికేశ్ ముగ్గురూ వచ్చారు. మెట్ల దగ్గర సుదన్ తల దూలానికి తగిలింది. సంగతి విన్నారు.

"ఎవరినో ఒకరిని కూర్చోబెడితే సరి కదమ్మా," అన్నాడు వికేశ్. "నా మోటార్‌సైకిల్‌ని ఎక్కించమంటావా? దానికీ ఏటా పూజ చేస్తున్నాం."

"నీకు వేసిన దాంట్లో దాన్ని కూర్చోబెట్టి, నువ్వు కింద వీధిలో నిలబడరా. ఎవరికీ తేడా తెలీదు," అంది అత్తయ్య.

"మోటార్‌సైకిల్ అయితే నయం, పొద్దున్నే లేస్తుంది," అన్నాడు సుదన్.

నాకు నవ్వు రాలేదు. సుదన్ నా ముఖం చూసి నవ్వడం మానేశాడు. "దానికేం కాదులేవే," అన్నాడు మెల్లగా. ఆ మాట ఆసుపత్రిలోనూ అన్నాడు.

"మనుషుల వరసలో వేశాక మనిషే కూర్చోవాలి," అంది అత్తయ్య. "ఇంటి మనిషి కావాలి. పక్కింటివాళ్లు పనికిరారు, వాళ్లది వాళ్లింట్లో పడుతుంది."

అప్పుడు పైనుంచి ఏడుపు. నిని దిగింది, వీపున కట్టిన పలిష్ఠ ముఖం ఎర్రగా చేసుకుని నా కోసం చేతులు చాస్తోంది. నిని చేతుల నిండా మినప్పిండి.

"తీసుకోమ్మా నీ సరుకు. పెనం మీద వడ కావాలిట దీనికి. పళ్లు లేవు, రుచులు మాత్రం కావాలి," అంది. మా ముఖాలు చూసింది. "ఏమైందర్రా? ఎవరు చచ్చారు?"

"ఇవ్వాళ అలాంటి మాటలేంటే!" అంది అత్తయ్య.

మామయ్య ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. గొంతు సవరించుకుని, "చిరీ, నువ్వు కూర్చో," అన్నాడు.



"ఎక్కడ?" అంది నిని.

"అదిగో. ఒకటి ఎక్కువ పడింది."

"బాగానే ఉంది అన్నయ్యా! ఇన్నేళ్లకు పిలిచి యముడి పక్కన ఆసనం వేయించావా? నీకు నా మీద ఇంత ప్రేమ ఉందని తెలీదు."

"ఇచ్చేసిన ఆడపిల్ల కదండీ," అంది అత్తయ్య గొంతు తగ్గించి. "వాళ్లింట్లో వేసుకోవాలి."

"వేస్తున్నారా వాళ్లింట్లో?" అన్నాడు మామయ్య.

"వేస్తున్నారు, వేస్తున్నారు," అంది నిని. "నా చోట్లోనే. ఇంకొకావిడకి."

అది కూడా నవ్వుతూనే అంది. కానీ చేతి పిండిని వేళ్ల మీంచి ఒలుచుకుంటూ మండలం వైపే చూస్తోంది. బొగడబంతి పువ్వు వైపు. ఆ ఇంట్లోనే పుట్టింది, చిన్నప్పుడు ఆ నేల మీదే వరసలో కూర్చుంది. తర్వాత ఎన్నేళ్లుగా ఆ నేల అలికిందో, తన చోటు ఎక్కడుండేదో అలుకుతున్నప్పుడు చూసుకునే ఉంటుంది.

అత్తయ్య పళ్ల బుట్ట మళ్లీ చేతికెత్తుకుంది. తర్వాత, "పొయ్యి తగ్గించి రా. చేతులు కడుక్కో. ఆ పిండి చేతులతో కూర్చుంటావా ఏం?" అంది.

వరసలో కూర్చున్నాం. నిని చీర మార్చుకుని వచ్చింది, ఎరుపంచు నల్ల చీర, మడతల గీతలు పోలేదు. నేను పలిష్ఠను ఒళ్లో పెట్టుకున్నాను, అత్తయ్య చెప్పినట్టే నా మండలంలో. అది ఊరుకోలేదు. పక్కనున్న నిని వైపు వంగి, ఆమె కొంగు పట్టుకుని, నా నూనె గీత మీద కాలు పెట్టబోయింది. వెనక్కి లాగితే ఏడుపు. నిమోనియా తగ్గాక వాము, మెంతులు వేసి కాచిన నూనెతో దానికి రోజూ ఒళ్లు రుద్దింది నినీనే. నా ఒడి దానికి ఆకలికి, ఆమె ఒడి నిద్రకు.

"ఇలా తే," అంది నిని.

నేను అత్తయ్య వైపు చూశాను.

"అప్పుడు ఆ మండలం ఎవరిదవుతుంది?" అంది అత్తయ్య, పూజ పళ్లెం పట్టుకుని నిలబడి. "పిల్ల దాంట్లో కూర్చుంటే పిల్లదే కదా. మళ్లీ మొదటికొచ్చింది."

"నాదే," అంది నిని. "వచ్చి అడగనీ. పక్కనే కదా కూర్చున్నాడు, నన్నే అడుగుతాడు. ఇది చిరీమాయది, పిల్ల ఊరికే ఒళ్లో ఎక్కింది అని చెప్తాను. దీని పేరు నా నోట్లోంచి రాదు."

"నమ్ముతాడా నిన్ను?" అన్నాడు వికేశ్.

"పాంగాలో మీ మావయ్య నమ్మలేదు గానీ ఈయన నమ్ముతాడు. ఈయనది పెద్ద మనసు."

మామయ్య భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని పక్క నుంచి చూసినా తెలిసింది. నేను పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను. దీపం వెలుగు పిల్ల మీద పడుతుంది, పేరు మాత్రం నినిది. మా అమ్మ మాటా, అత్తయ్య మాటా రెండూ నిలిచాయి. కానీ దానికి బదులు నిని తనను తాను అక్కడ పెట్టింది. ఆ పూట నాకు అంత దూరం తట్టలేదు. పిల్లకు దీపం దొరికిందన్న ఒక్కటే తట్టింది.

అత్తయ్య మామయ్య నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క వత్తీ అంటుకుంటుంటే గది పచ్చబడింది. నూనె వాసన వచ్చింది. అది మా నాన్న పంపిన డబ్బాలోదే, ఖోకనా గానుగది. నినికి నూలు దండ వేసేటప్పుడు పలిష్ఠ దాన్ని పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

"చూశారా, ప్రసాదం ముందే తినేసింది," అంది నిని.

"అన్నప్రాసన అయిపోయినట్టేనా?" అన్నాడు సుదన్.

అత్తయ్య నిని వత్తి వెలిగించి మండలం మీద పెట్టింది. మిగతావాటిలాగే పొడుగు వత్తి. అరచేయంత మండలంలో పట్టక కొస బయటికి వచ్చింది. అప్పుడే జాలీ కిటికీలోంచి గాలి వచ్చింది. వరసలో దీపాలన్నీ ఒకేసారి వంగి లేచాయి. నినిది లేవలేదు. మంట నీలంగా, చిన్నగా అయి వత్తిని అంటిపెట్టుకుని ఉంది.

నేను లేవకూడదు. చెయ్యి చాపితే ఆమె మండలం దాటాలి, దాటకూడదు. పిల్ల ఆమె రెండు చేతుల్లోనూ ఉంది. "నినీ, నినీ," అన్నాను. నిని కంగారుపడలేదు. ఒళ్లో పిల్లతో సహా వీపు కిటికీ వైపు తిప్పి, గాలికి అడ్డంగా వంగింది. ఆమె నీడ యముడి మండలం మీద పడింది. మంట ఒకసారి చిటపటమని, పసుపుపచ్చగా లేచింది.

నేను దాని మీదనుంచి కళ్లు తిప్పలేదు. అది ఎంత కాలింది, ఎంత మిగిలింది, వంకర తిరుగుతోందా, నూనె ఇంకుతోందా. నా ముందు నా వత్తి వెలిగించారో లేదో కూడా తెలియదు.

"ఏయ్, ఇటు చూడు."

అత్తయ్య నా ముందు కుంచం పట్టుకుని నిలబడింది. మోకాళ్లు వంగక నడుం మీద వాలి, ఒక చెయ్యి వికేశ్ భుజం మీద వేసి ఉంది.

"అది చిరీ పూజ. ఇది నీకు. వానాకాలం నుంచి నువ్వు నీ వైపు ఒక్కసారైనా చూసుకున్నావా? జుట్టంతా రాలిపోయింది. నీ వత్తి చూడు, ఎంత బాగా కాలుతోందో."

చూశాను. నిజమే. నిటారుగా, కదలకుండా వెలుగుతోంది. నాది అని ఒకటి అక్కడ వెలుగుతోందని అప్పటిదాకా గుర్తే లేదు. అత్తయ్య కుంచం నా నెత్తిన వంచింది. పేలాలు, బొగడబంతి రేకులు, నారింజ తొనలు జలజలా పడ్డాయి. ఒక అక్రోటు ఠక్కున మాడుకు తగిలింది. "అబ్బా!" అన్నాను. వికేశ్ పడీ పడీ నవ్వాడు. మళ్లీ పోసింది. మూడోసారి పోసేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. నూనె రాసిన నుదుటి మీద పేలాలు అతుక్కున్నాయి. భుజాల మీద, ఒళ్లో, ఖాళీ ఒళ్లో, పూలు. ఎన్ని నెలల తర్వాతో నా ఒంటి బరువు నాకు తెలిసింది. ఏడ్చాను. అత్తయ్య చూసి చూడనట్టు ముందుకు కదిలింది.

ఒక చేతిలో వేయించిన గుడ్డు, చేప, ఇంకో చేతిలో అయిలా పోసిన మట్టి గిన్నె పెట్టింది. సారా గొంతులో మండుతూ దిగింది. నేను కళ్లు తుడుచుకుని చూసేసరికి నిని వత్తి చివరి వేలెడంత మిగిలి ఉంది. అది కూడా మెల్లగా కాలి, బయటికి వచ్చిన కొస దాకా వెళ్లి, పొగ వదిలి ఆగింది. చివరిదాకా కాలి ఆగింది. నా చేతిలో గుడ్డు అలాగే ఉంది, అప్పుడు కొరికాను.

పూజ అయ్యాక అత్తయ్య చీపురు తీసుకుని మండలాలు ఊడవడం మొదలుపెట్టింది. ఎవరిది ఊడిస్తే వాళ్లు లేచారు. మామయ్య, సుదన్, వికేశ్ మెట్లెక్కి పైకి వెళ్లారు. నాది ఊడ్చింది, నేనూ లేచాను. చీపురు నిని దగ్గరకు వచ్చి ఆగింది.

నిని కదల్లేదు. ఆమె మోచేతి మడతలో పలిష్ఠ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నూలు దండ కొస దాని పిడికిలిలోనే ఉంది. నేను వంగి దాని ముక్కు కిందకు వేలు తీసుకెళ్లాను.

"ఊపిరి తీస్తోందిలే," అంది నిని మెల్లగా. "నా చేతికి తగులుతూనే ఉంది."

వేలు వెనక్కి తీసుకున్నాను.

"లే మరి, చిరీ," అంది అత్తయ్య. "అందరూ లేచాక ఒక్కరే కూర్చోకూడదు."

"ఇప్పుడు నేను లేస్తే ఇదీ లేస్తుంది వదినా."

పైనుంచి వికేశ్, "అమ్మా, వడలు మాడిపోతున్నాయి," అని అరిచాడు. అత్తయ్య చీపురును గోడకు ఆనించింది.

"నువ్వు చిరీ పక్కన కూర్చో," అని నాతో అంది. "ఇద్దరికీ అన్నం ఇక్కడికే పంపిస్తాను."

మెట్ల మీద ఆమె మోకాళ్లు చప్పుడు చేస్తుంటే విన్నాం. నేను నిని పక్కన, చెరిగిపోయిన నా మండలం చోట్లో కూర్చున్నాను. నేల ఇంకా వెచ్చగా ఉంది.